పసుపు బియ్యం కన్నా ముందు పాప కళ్లు

ప్రశ్న: మాది పెనుగొండ దగ్గర పల్లె. సార్వాలో రెండెకరాలు స్వర్ణ రకం వరి వేస్తాను. మనవరాలికి నాలుగేళ్లు నిండాయి. నెయ్యి వేసిన అన్నం, పెరుగన్నం తప్ప మరేమీ ముట్టదు. కూర కలిపితే ఉమ్మేస్తుంది. రెండు నెలలుగా దీపాలు పెట్టే వేళకు గడప తట్టుకుని పడుతోంది. విటమిన్ ‘ఎ’ లోపం కావచ్చని మా ఊరి ఆర్‌ఎంపీ అన్నాడు. మా మేనల్లుడు ఫిలిప్పీన్స్‌లోని దవావోలో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. అక్కడ విటమిన్ ‘ఎ’ ఉండే పసుపు రంగు బియ్యం, గోల్డెన్ రైస్, పండించారనీ, సెలవులకు వచ్చేటప్పుడు గుప్పెడు విత్తనాలు తెస్తాననీ అంటున్నాడు. తెప్పించి అరెకరంలో వేయవచ్చా? జన్యుమార్పిడి బియ్యం పసిపిల్లకు పెడితే హాని ఉండదా? రేషన్ బియ్యంలో కలుపుతున్న విటమిన్ల గింజలు కూడా ఇవేనా?
– ఒక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం:

మీరు అడిగినవాటిలో ఎక్కువ భాగం బియ్యం గురించే అయినా, మీ ఉత్తరం చదువుతుంటే నేను ఆగిపోయింది పాప గడప తట్టుకుని పడుతోందన్న మాట దగ్గర. అందువల్ల ముందు పాప సంగతి, ఆ తర్వాత వరి సంగతి మాట్లాడుకుందాం.

సందె వేళ పిల్లలు తడుముకోవడాన్ని మన పెద్దలు రేచీకటి అన్నారు. మసక వెలుతురులో చూపునిచ్చే కణాలు పనిచేయాలంటే కంటి వెనుక పొరకు విటమిన్ ‘ఎ’ నిరంతరం అందుతూ ఉండాలి. కాలేయంలోని నిల్వ అడుగంటినప్పుడు మొదట బయటపడే లక్షణాల్లో ఇదొకటి. దీన్ని ఉపేక్షిస్తే తెల్లగుడ్డు మీద నురుగు అంటినట్లు బూడిదరంగు మచ్చలు రావడం, కన్ను పొడిబారడం, చివరకు నల్లగుడ్డు మెత్తబడి చూపే పోవడం వరకు వెళ్లవచ్చు. కనుక ఈ వారంలోనే పాపను కంటి డాక్టరుకు చూపించండి, చీకటి పడ్డాక తడుముకుంటోందన్న సంగతి ఆయనకు విడిగా, స్పష్టంగా చెప్పండి. లోపమే కారణమైతే చికిత్స చాలా సులువు. తగిన మోతాదులో విటమిన్ ‘ఎ’ ద్రావణం తాగించిన కొద్ది రోజుల్లోనే రేచీకటి తగ్గుముఖం పడుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. మీ ఇంట్లో మేనరికపు పెళ్లి ఏదైనా ఉంటే ఆ మాట డాక్టరు దగ్గర దాచవద్దు. తల్లిదండ్రుల నుంచి సంక్రమించే కొన్ని రెటీనా జబ్బుల్లోనూ మొదటి లక్షణం రేచీకటే. అవి ఎంత విటమిన్ పోసినా తగ్గవు, వాటికి వేరే పరీక్షలు కావాలి. ఆర్‌ఎంపీ గారి అనుమానం నిజమే కావచ్చు గానీ, అనుమానం మీద ఆధారపడి నెలల తరబడి అన్నం మార్చి చూస్తూ కూర్చునే జబ్బు కాదిది.

మన దేశంలో 1970 నుంచి పసిపిల్లలకు విటమిన్ ‘ఎ’ ద్రావణం పోసే జాతీయ కార్యక్రమం నడుస్తోంది. దీనికి పునాది వేసిన పరిశోధనల్లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పాత్ర పెద్దది. తొమ్మిదో నెలలో తట్టు టీకాతో పాటు 1 లక్ష యూనిట్లు, ఆ తర్వాత ఆరు నెలలకొకసారి 2 లక్షల యూనిట్లు, ఐదేళ్లు నిండేవరకు మొత్తం తొమ్మిది మోతాదులు ఇవ్వాలి. మీ మనవరాలికి నాలుగేళ్లు నిండాయి కాబట్టి టీకాల కార్డు తీసి ఎన్ని మోతాదులు పడ్డాయో చూడండి. చాలా ఇళ్లలో మొదటి ఒకటి రెండు మోతాదులు టీకాలతో పాటు పడతాయి. టీకాలు అయిపోయాక పిల్లను ఆ వంకన తీసుకువెళ్లేవారు ఉండరు కనుక తర్వాతివి తప్పిపోతాయి. మీ ఏఎన్‌ఎంను గానీ అంగన్‌వాడీ కార్యకర్తను గానీ అడిగితే ఉచితంగా పోస్తారు. అయితే మచ్చలో రేచీకటో ఉన్న పిల్లకు ఇచ్చే మోతాదుల వరస వేరు, దాన్ని డాక్టరే నిర్ణయించాలి. పడిందో లేదో గుర్తులేదని రెండు చోట్లా రెండుసార్లు పోయించకండి. ఈ విటమిన్ ఒంట్లో నిల్వ ఉండిపోతుంది కాబట్టి ఎక్కువైతే వాంతులు, తలనొప్పి మొదలుకొని కాలేయం దెబ్బతినే దాకా ప్రమాదమే.

ఇక పసుపు బియ్యం. వరి మొక్కకు ఆకుల్లో బీటా కెరోటిన్ తయారు చేసుకోవడం పుట్టుకతోనే వచ్చు; మన శరీరం విటమిన్ ‘ఎ’గా మార్చుకునే పదార్థం అదే. అయితే మనం తినే గింజలోని తెల్లని భాగంలో మాత్రం ఆ పని ఆగిపోయి ఉంటుంది. తవుడు తీయకుండా దంపుడు బియ్యం తిన్నా బి విటమిన్లు దక్కుతాయి గానీ ‘ఎ’ దక్కదు. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌కు చెందిన ఇంగో పాట్రికస్, జర్మనీలోని ఫ్రైబర్గ్‌కు చెందిన పీటర్ బేయర్ బృందాలు, గింజలో ఆగిపోయిన ఆ దారిని తిరిగి తెరవడానికి డాఫోడిల్ పువ్వు మొక్క నుంచి, ఒక బాక్టీరియా నుంచి జన్యువులను వరిలోకి చేర్చి, 2000 సంవత్సరం జనవరిలో ఫలితాలు ప్రకటించారు. ఆ తొలి రకంలో గ్రాము బియ్యానికి కెరోటినాయిడ్లు, అంటే బీటా కెరోటిన్, దాని జాతి పదార్థాలు, 1.6 మైక్రోగ్రాములే. అంత తక్కువతో పిల్లల కళ్లు ఎలా కాపాడతారని అప్పట్లో విమర్శకులు వేసిన ప్రశ్న న్యాయమైనదే. 2005లో డాఫోడిల్ జన్యువు స్థానంలో మొక్కజొన్న జన్యువును వాడి రెండో తరం తయారు చేసినప్పుడు అత్యధికంగా గ్రాముకు 37 మైక్రోగ్రాముల దాకా వచ్చింది. ఆ 37 అన్న అంకె నేటికీ ప్రచారంలో తిరుగుతూనే ఉంటుంది. మేలైన రకాల్లోకి మార్చి పొలంలో పండించినప్పుడు వచ్చేది దానికి చాలా తక్కువ.

మీరు రైతు కాబట్టి లెక్క వేసి చూద్దాం. పాప రోజుకు 100 గ్రాముల బియ్యం వండిన అన్నం తింటుందనుకోండి. గ్రాముకు 5 మైక్రోగ్రాముల బీటా కెరోటిన్ ఉంటే రోజుకు 500 మైక్రోగ్రాములు అందుతాయి. పెద్దవాళ్ల మీద చేసి 2009లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఈ బియ్యంలోని కెరోటిన్ సుమారు 4 పాళ్లకు 1 పాలు చొప్పున విటమిన్‌గా మారింది. అంటే 125 మైక్రోగ్రాములు. ఈ వయసు పిల్లకు రోజుకు కావలసింది 400కు అటూ ఇటూ. అరుగు మీద కూర్చుని వేసుకోగల ఈ లెక్కతో మూడో వంతుకు కాస్త తక్కువ తేలింది. ఏటా ఆరు నెలలు అన్నం, ఉప్పు తప్ప మరేమీ దొరకని ఇంట్లో ఆ మూడో వంతు చిన్నదేమీ కాదు. ఆ మేరకు ఆ శాస్త్రవేత్తల శ్రమను నేను గౌరవిస్తాను. ఇప్పటికే నిల్వ అడుగంటి సందె చీకట్లో తడుముకుంటున్న పిల్లకు మాత్రం అది మందు కాదు. 2 లక్షల యూనిట్ల ద్రావణం 2 మిల్లీలీటర్లే ఉంటుంది, అందులో 60,000 మైక్రోగ్రాముల విటమిన్ ఉంటుంది. ఆ పసుపు అన్నం ఏడాదికి పైగా పెడితే గానీ అంత చేరదు.

జన్యుమార్పిడి అన్న మాటకే భయపడనక్కరలేదన్నది నా అభిప్రాయం. ఫిలిప్పీన్స్‌కు వచ్చిన రకంలో కొత్తగా చేరిన ప్రొటీన్లు కడుపులో త్వరగా జీర్ణమైపోయేవేననీ, విషపూరితమైనవి గానీ తెలిసిన అలర్జీ కారకాలను పోలినవి గానీ కావనీ పరీక్షల్లో తేలింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల ఆహార సంస్థ 2017 డిసెంబరులోను, కెనడా 2018 మార్చిలోను, అమెరికా అదే ఏడాది మే నెలలోను భద్రత విషయంలో అభ్యంతరం లేదన్నాయి. అయితే తమ దేశస్థులు తినే బియ్యంతో వచ్చే బీటా కెరోటిన్ చాలా స్వల్పం కాబట్టి, దానిని చూపి పోషక విలువలున్నాయని ప్రకటించుకోవడం కుదరదని కూడా అమెరికా సంస్థ చెప్పింది. బీటా కెరోటిన్‌కు మరో సుగుణం ఉంది. శరీరం తనకు కావలసినంతే విటమిన్‌గా మార్చుకుంటుంది; క్యారెట్లు అదేపనిగా తిన్నవాళ్లకు అరచేతులు పసుపెక్కుతాయి తప్ప ప్రమాదం ఉండదు.

అయితే విజ్ఞానం బాగున్నంత మాత్రాన దాన్ని నడిపిన మనుషుల తీరంతా బాగుందని చెప్పలేను. చైనాలోని హునాన్ రాష్ట్రంలో 2008లో 6 నుంచి 8 ఏళ్ల బడిపిల్లలకు ఈ బియ్యం వండిపెట్టి ప్రయోగం చేశారు. అందులో కెరోటిన్ ఇంకా బాగా, దాదాపు 2.3 పాళ్లకు 1 పాలుగా, విటమిన్‌గా మారుతోందని 2012లో ప్రచురించారు. అది జన్యుమార్పిడి బియ్యమన్న సంగతి తల్లిదండ్రులకు సరిగా చెప్పలేదని బయటపడడంతో గొడవై, 2015లో ఆ పత్రాన్ని పత్రిక ఉపసంహరించింది. ఆ అంకె తప్పు కాకపోవచ్చు. కానీ మీ మనవరాలి వయసుకు దగ్గరి పిల్లల తల్లిదండ్రుల దగ్గర నిజం దాచారన్న మచ్చ, ప్రత్యర్థులు 2013 ఆగస్టులో ఫిలిప్పీన్స్‌లోని ప్రయోగ పొలంలో మొక్కలు పీకి పారేసిన దానికన్నా ఈ వరికి ఎక్కువ చేటు చేసిందని నేననుకుంటాను.

మీ మేనల్లుడు చెప్పింది అబద్ధం కాదు గానీ, పాతబడిపోయింది. లాస్ బానోస్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, ఆ దేశపు వరి సంస్థ కలిసి తయారుచేసిన ఈ రకాన్ని తినడానికి 2019 డిసెంబరులోను, పండించడానికి 2021 జులైలోను ఫిలిప్పీన్స్ ప్రభుత్వం అనుమతించింది. వాళ్ల భాషలో ఆరోగ్యకరమైనదని అర్థం వచ్చే ‘మలుసోగ్’ అన్న పేరుతో 2022లో కొన్ని చోట్ల కోతలు కూడా కోశారు. రైతు సంఘాలు, పర్యావరణ సంస్థలు వేసిన పిటిషన్ మీద అక్కడి అప్పీళ్ల కోర్టు 2024 ఏప్రిల్‌లో ఆ అనుమతిని రద్దు చేసింది. ఆ తీర్పు సరైనదా అన్నది వేరే చర్చ; పొలంలో దిగిన పంటను మళ్లీ వెనక్కి తీసుకోవాలంటే ఎంత కష్టమో అది చూపింది.

ఈ కథలో మీ స్వర్ణకు నేరుగా సంబంధించిన భాగం ఒకటుంది, బహుశా మీరు వినివుండరు. మీ జిల్లాలోని మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన ఎంటీయూ 7029, అంటే స్వర్ణ, తూర్పు భారతమంతటా పాకింది కాబట్టి, ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు గోల్డెన్ రైస్ గుణాన్ని దానిలోకే సంకరణం ద్వారా తేవాలని ప్రయత్నించారు. గింజ పసుపెక్కింది గానీ మొక్క పాడైంది. చేర్చిన జన్యువులు వెళ్లి వరిలోని సొంత జన్యువు ఒకదాని మధ్యలో, వేళ్ల పెరుగుదలకు సంబంధించిన ఆక్సిన్ హార్మోను రవాణాను చూసుకునే చోట, తిష్ఠ వేశాయి. దాంతో మొక్కలు పొట్టిగా, ఆకులు పాలిపోయి, వేళ్లు బలహీనంగా, దిగుబడి బాగా పడిపోయి కనిపించాయి. ఆ ఫలితాన్ని వాళ్లు దాచుకోకుండా 2017లో ప్రచురించారు. జన్యువు ఏ చోట కుదురుకుంటుందన్నది అప్పట్లో మన చేతిలో ఉండేది కాదు. అందుకే ఒక్కొక్క రకాన్ని విడివిడిగా పరీక్షించాలే తప్ప, జన్యుమార్పిడి పంటలన్నీ మంచివనో చెడ్డవనో గంపగుత్తగా తీర్పు చెప్పకూడదు. ఈ పనికిరాని రకాన్ని పక్కన పెట్టాకే ఫిలిప్పీన్స్‌కు వెళ్లిన మరో రకం ముందుకు వచ్చింది.

ఇంకొక చిక్కు మన అలవాట్లలో ఉంది. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుందని మనం వడ్లను పాతరలోనో బస్తాల్లోనో ఏడాది మాగబెట్టి, పాత బియ్యమైతేనే పొడిపొడిగా ఎదుగుతుందని మెచ్చుకుంటాం. పసుపు బియ్యంలో ఉన్న కెరోటిన్ గాలికి, వెలుతురుకు, వేడికి నిలవదు. నిల్వ పెడుతున్న కొద్దీ రంగు వెలుస్తుంది, రంగుతో పాటే విటమిన్ కూడా పోతుంది. మర పట్టించిన బియ్యంలో ఈ నష్టం మరీ ఎక్కువ. మనింటి ఇల్లాలు ఏ గుణం చూసి బియ్యాన్ని మెచ్చుకుంటుందో, ఆ గుణం వచ్చేసరికి ఈ బియ్యానికి ఉన్న విశేషం కాస్తా పోయి ఉంటుంది.

రేషన్ బియ్యం గురించి మీ సందేహానికి జవాబు చిన్నదే. అందులో కలిపేవి జన్యుమార్పిడి గింజలు కావు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి యంత్రంతో గింజ ఆకారంలో ఒత్తి, 100 గింజలకు 1 చొప్పున మామూలు బియ్యంలో కలుపుతారు. కడిగేటప్పుడు కొన్ని తేలుతుంటాయి, రంగులో కాస్త తేడాగా ఉంటాయి. ప్లాస్టిక్ బియ్యం ఇస్తున్నారన్న పుకార్లకు కారణం అదే. వాటిని ఏరి పారేయకండి. కాకపోతే వాటిలో సాధారణంగా విటమిన్ ‘ఎ’ ఉండదు, కనుక పాప కళ్లకు వాటితో ఒరిగేది లేదు. అలాగే 2025 మేలో ప్రకటించిన ‘కమల’ అనే డీఆర్ఆర్ ధాన్ 100 గురించి కూడా ఇకముందు మీ చెవిన పడవచ్చు. సాంబ మసూరి నుంచి హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ చేసిన ఆ వరి రకం జన్యు సవరణతో వచ్చింది. అందులో బయటి జన్యువు లేదు, విటమిన్ ‘ఎ’ కూడా లేదు.

పాపకు ఏం పెట్టాలన్నది మీరు అడగలేదు గానీ, అసలు పని అక్కడే ఉంది. నెయ్యి అన్నం తింటోంది కాబట్టి సగం దారి మీకు కలిసి వచ్చింది. కెరోటిన్ ఒంటబట్టాలంటే కొవ్వు తోడు ఉండాల్సిందే. కూర కనిపిస్తే ఉమ్మేసే పిల్లకు కూర కనిపించకుండా పెట్టాలి. లేత మునగాకు దూసి, కడిగి, ఎండలో కాకుండా నీడపట్టున గుడ్డ మీద రెండు మూడు రోజులు ఆరబెట్టండి. ఎండలో పెడితే కెరోటిన్ చాలా భాగం పోతుంది, ఆకు గడ్డి రంగుకు తిరగడమే దానికి గుర్తు. గలగలలాడే ఆకును వేయించిన నువ్వులు, కాస్త జీలకర్ర, ఉప్పుతో మెత్తగా దంచి, నెయ్యి వేసిన వేడి అన్నంలో మొదటి రోజు పావు చెంచాతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచండి. కారం వేయకపోతే చాలామంది పిల్లలు అభ్యంతరం చెప్పరు. ఆషాఢంలో మునగాకు తినాలన్న ఆచారం ఉన్న మన ఇళ్లలో మిగతా పదకొండు నెలలు అదే చెట్టు గొంగళిపురుగులకు మాత్రమే ఉపయోగపడుతుండడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

ఆకుకూరల్లోని కెరోటిన్ ఆకు కణాల్లో ఇరుక్కుని ఉండడం వల్ల 12 పాళ్లకు 1 పాలుగా మాత్రమే మారుతుందని లెక్క కడతారు. అయినా మునగాకులో అది ఎంత ఎక్కువంటే, 100 గ్రాముల పచ్చి ఆకుకు 5,000 మైక్రోగ్రాములని తక్కువలో తక్కువ వేసుకున్నా, 30 గ్రాముల ఆకు, అంటే ఒక గుప్పెడు, పైన చెప్పిన పసుపు అన్నం రోజంతా తిన్నదానితో సమానం. గుడ్డు తినే ఇల్లయితే పని ఇంకా తేలిక. పచ్చసొనలో ఉన్నది మార్చుకోనక్కరలేని సిద్ధమైన విటమిన్. ఒక్క గుడ్డుకు 70, 80 మైక్రోగ్రాములు ఉంటాయి. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు పాప అక్కడే తింటోందా, తెల్లసొన తిని పచ్చసొన వదిలేస్తోందా అన్నది ఒకసారి కనుక్కోండి. వంట నూనె, పాల ప్యాకెట్ల మీద ప్లస్ గుర్తు పక్కన ఎఫ్ అక్షరం ఉంటే అందులో విటమిన్ ‘ఎ’, ‘డి’ కలిపారని అర్థం. గానుగ నూనె బలమని విడి నూనెకు మారిన ఇళ్లలో ఇది పోయింది. వేసవిలో మామిడి, ఏడాది పొడుగునా బొప్పాయి, ఎర్ర గుమ్మడి ఉండనే ఉన్నాయి.

చివరగా గుప్పెడు విత్తనాల సంగతి. తెప్పించవద్దు. మన దేశంలో వాణిజ్యపరంగా సాగు చేయడానికి అనుమతి ఉన్న జన్యుమార్పిడి పంట 2002లో వచ్చిన బీటీ పత్తి ఒక్కటే. బీటీ వంకాయను 2010లో ఆపేశారు, జన్యుమార్పిడి ఆవాల విషయం సుప్రీంకోర్టులో నలుగుతోంది. గోల్డెన్ రైస్‌కు ఇక్కడ అనుమతి లేదు. అనుమతి లేని జన్యుమార్పిడి విత్తనాన్ని సంచిలో పెట్టుకుని విమానం దిగడం, మొక్కల క్వారంటైన్ చట్టానికీ పర్యావరణ చట్టానికీ రెండింటికీ విరుద్ధం. డాక్టరు కావలసిన కుర్రవాడికి ఆ చిక్కు ఎందుకు? పత్తిలో కలుపుమందును తట్టుకునే అనుమతి లేని రకాల వల్ల రైతులు ఎన్ని బాధలు పడ్డారో మీకు తెలుసు. నకిలీ విత్తనం మొలవకపోయినా, మొలిచి పంట పోయినా అడిగే దిక్కు ఉండదు. అదీకాక దవావో నేలకు, అక్కడి వానలకు అలవాటైన రకం మన సార్వాలో నిలుస్తుందన్న భరోసా లేదు.

అరెకరంలో కొత్తది వేసి చూడాలనే కోరిక మిగిలివుంటే, మామూలు సంకరణంతోనే పోషకాలు పెంచిన రకాలు మనకు ఉన్నాయి. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ నుంచి 2016లో వచ్చిన డీఆర్ఆర్ ధాన్ 45లో జింకు ఎక్కువ. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సాయంతో వచ్చిన ధనశక్తి సజ్జలో ఇనుము ఎక్కువ. పాప కళ్ల కోసమే అయితే లోపల నారింజ రంగు ఉండే చిలగడదుంప వేయండి. కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ విడుదల చేసిన భూసోనా అటువంటిదే. మొజాంబిక్, ఉగాండాల్లో నారింజ దుంపలు పిల్లలకు విటమిన్ ‘ఎ’ అందించడంలో చేసిన మేలుకు, ఆ పని చేసినవాళ్లకు 2016లో ప్రపంచ ఆహార బహుమతి కూడా ఇచ్చారు. కాలవ కింద బంకమట్టిలో దుంప ఊరదు, వరి మడి చెడగొట్టుకోకండి. పెరట్లో ఇసుక కలిసిన చోట రెండు బోదెలు తోలి జానెడు తీగ ముక్కలు నాటితే నాలుగు నెలల్లో తవ్వుకోవచ్చు. ఉడకబెట్టి తొక్క తీసి నెయ్యి రాసి ఇస్తే, తీపి కాబట్టి మీ మనవరాలు కూరని అనుమానించదు.